నల్ల బీరు, లేత బీరు కలిపి తాగాలంటే: ఏ జత, ఏ పాళ్ళు, ఎలా పోయాలి

నల్ల బీరునూ లేత బీరునూ ఒకే గ్లాసులో తాగడం అనగానే చాలామందికి ఒక ఫొటో గుర్తొస్తుంది. అడుగున బంగారు రంగు, పైన కారునలుపు, రెంటి మధ్య గీత గీసినట్టు సరిహద్దు, ఆ పైన చిక్కటి నురగ. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కాకపోతే ఆ గీత కోసమే బీర్లు ఎంచుకున్నవాళ్ళకు సగం గ్లాసు దాటాక ఏం తాగుతున్నామో అర్థం కాదు. గీత కళ్ళ కోసం. నాలుక అడిగేవి రెండే: ఏ నల్ల బీరుతో ఏ లేత బీరు, దేనికి దేన్ని ఎంత. ఆ రెండూ తేలాక పోసే తీరు గురించి ఆలోచించవచ్చు.

లేత బీరు అంటే ఇక్కడ రంగు లేతదనే అర్థం, అందులో ఆల్కహాల్ తక్కువని కాదు. అలాగే నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకునేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఆ నలుపంతా కొద్దిపాటి మాల్ట్‌నో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), మామూలు బార్లీనో బాగా నల్లబడేదాకా వేయించడం వల్ల వస్తుంది. నల్ల బీర్లలో పేరున్న, తీపి పెద్దగా లేని రకమైన ఐరిష్ డ్రై స్టౌట్‌లో అలా వేయించిన బార్లీ మొత్తం గింజల్లో పదో వంతు దగ్గర ఉంటుంది, మిగతాది చాలావరకు లేత మాల్టే. ఆ రకానికే చెందిన గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, చెక్ దేశపు బుడ్వార్ లేత లాగర్‌లో (లాగర్ అంటే చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు) 5 శాతం. ఆ రెంటినీ సగం సగం పోస్తే వచ్చేది 4.6 శాతం. అంటే నల్లది కలపడం వల్ల లాగర్ ఇంకాస్త నెమ్మదించింది. రుచి బరువు వేరు, ఆల్కహాల్ బరువు వేరు. ఈ తేడా తెలిసినవాళ్ళు సగం తప్పు ఎంపికలు చేయరు.

జత కుదిరేది ఎక్కడ

నల్ల బీరులో చేదు వేయించిన గింజ నుంచి వస్తుంది: కాస్త మాడు, కాస్త కాఫీ, వెనకాల సన్నటి పులుపు. లేత బీరులో చేదు హాప్స్ అనే తీగ పువ్వుల నుంచి వస్తుంది: పచ్చిగడ్డి, పువ్వు, నిమ్మతొక్క. రెండు చేదులూ గట్టివైతే గ్లాసులో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, చివరికి నోట్లో బూడిద రుచి మిగులుతుంది. అందుకే హాప్స్ ఘాటుగా ఉండే ఐపీఏను డ్రై స్టౌట్‌తో కలుపుదామని ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను. రెంటిలో ఒకటి చేదుగా ఉంటే రెండోది మాల్ట్ తీపితో మెత్తగా ఉండాలి. మంచి జతలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఇదే. ఏది చేదుగా ఉండాలి, ఏది మెత్తగా ఉండాలి అన్నదాని దగ్గరే ఒక జతకూ ఇంకో జతకూ తేడా వస్తుంది.

బాగా పేరున్న జత స్టౌట్, పేల్ ఏల్ (ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే బీరు). బ్లాక్ అండ్ టాన్ అని పిలిచేది దీన్నే. వాడుకలో ఎక్కువగా కనిపించేది గిన్నిస్, ఇంగ్లిష్ పేల్ ఏల్ అయిన బాస్ జోడీ. బాస్ సీసా మీది ఎర్ర త్రికోణం 1876 జనవరి 1న బ్రిటన్‌లో మొట్టమొదటగా రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. ఇంగ్లిష్ పేల్ ఏల్‌లో బిస్కెట్ లాంటి మాల్ట్ రుచి ఉంటుంది, ఏల్ ఈస్ట్ ఇచ్చే పండు వాసన కొద్దిగా ఉంటుంది. స్టౌట్ కూడా ఏల్ ఈస్ట్‌తో పులిసేదే. అందుకే రెండూ చుట్టాల్లా కలిసిపోతాయి. స్టౌట్ మాడును పేల్ ఏల్ మాల్ట్ పట్టుకుని ఆపుతుంది. ఈ జతకు హాప్స్ గుబాళించే అమెరికన్ పేల్ ఏల్ తీసుకుంటే ఆ పట్టు పోతుంది. పేరు ఒకటేగా అని సరిపెట్టుకోకండి.

ఈ పానీయం పేరు విషయంలో ఒక జాగ్రత్త. ఐర్లాండ్‌లో బార్‌కు వెళ్ళి బ్లాక్ అండ్ టాన్ అని అడగకూడదు. ఐరిష్ స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1920లో, రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీలోకి బ్రిటిష్ ప్రభుత్వం హడావుడిగా చేర్చుకున్న మనుషులకు జనం పెట్టిన పేరది. వాళ్ళ యూనిఫామ్ సగం ఖాకీ, సగం ముదురు రంగు. ఊళ్ళ మీద పడి వాళ్ళు చేసిన అరాచకం అక్కడివాళ్ళు మరచిపోలేదు. పానీయానికి ఆ పేరు అంతకు ముందు నుంచే ఉన్నా, ఐర్లాండ్‌లో చెవిన పడగానే గుర్తొచ్చేది మాత్రం ఆ పోలీసులే. 2006లో బెన్ అండ్ జెర్రీస్ ఒక ఐస్‌క్రీమ్‌కూ, 2012లో నైకీ ఒక షూకూ సంబంధించి ఈ పేరుతో ఇరుక్కుని క్షమాపణ చెప్పుకున్నాయి. అక్కడ హాఫ్ అండ్ హాఫ్ అంటే చాలు, ఏ గొడవా ఉండదు.

ఆ హాఫ్ అండ్ హాఫ్ అన్నది అమెరికాలో ఎక్కువగా స్టౌట్, లాగర్ జతకు వాడతారు. గిన్నిస్ కంపెనీయే 1960లో ఐర్లాండ్‌లోని డండాక్‌లో మొదలుపెట్టిన హార్ప్ లాగర్ ఇందులో రెండో సగం. లాగర్ పలచగా, శుభ్రంగా ఉంటుంది కాబట్టి స్టౌట్ రుచి దాచుకోవడానికి చోటుండదు. మాడు ముందుకొస్తుంది, మింగాక నోరు పొడిబారినట్టవుతుంది. ఎండ పూట చల్లగా తాగడానికి పేల్ ఏల్ జత కంటే ఇదే నయం. అయితే లాగర్ అంటే అన్నీ ఒకటి కావు. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో చేదు లాగర్ అయిన జర్మన్ పిల్స్ 22 నుంచి 40 దాకా పోతుంది, మెత్తటి లాగర్ అయిన మ్యూనిక్ హెల్లెస్ 16 నుంచి 22 మధ్య ఆగుతుంది. డ్రై స్టౌట్ తనకు తానే 25 నుంచి 45. అటువైపు అంత చేదు ఉన్నప్పుడు ఇటువైపు హెల్లెస్ లాంటి మెత్తటిది కావాలి. పిల్స్ పోస్తే మొదటి రెండు గుటకలు బాగానే ఉంటాయి, ఆ తర్వాత మొహం చిట్లుతుంది.

పిల్స్‌కు తగిన జోడీ కావాలంటే డ్రై స్టౌట్‌ను వదిలి తీపి స్టౌట్ వైపు చూడండి. పాల చక్కెర కలిపిన మిల్క్ స్టౌట్‌కు పిల్స్ చేదు బాగా నప్పుతుంది. ఈ జతలో పొరలు మాత్రం రావు, ఎందుకన్నది కింద చెబుతాను. గీత కోసం చూసేవాళ్ళు దీన్ని ఎంచుకోరు. రుచి కోసం చూసేవాళ్ళు ఒక్కసారైనా ప్రయత్నించి తీరాలి.

నన్నడిగితే వీటన్నిటికంటే నమ్మకమైన జత చెక్ వాళ్ళది. ఒకే బ్రూవరీలో తయారైన లేత లాగర్, నల్ల లాగర్, ఒకే గ్లాసులో సగం సగం. అక్కడ దాన్ని ర్జెజానే అంటారు, పబ్‌లో మామూలుగా అడిగి తాగే బీరు అది. వింత కాక్‌టెయిల్‌లా ఎవరూ చూడరు. అది ఎందుకు కుదురుతుందో చూడండి. చెక్ లేత లాగర్ గట్టి చేదు బీరు, ఐబీయూ 30 నుంచి 45. సాజ్ అనే చెక్ రకం హాప్స్ వాసన ముక్కుకు తగులుతుంది. నల్ల లాగర్‌లో మాడు చాలా తక్కువ. కారమెల్, కాల్చిన రొట్టె పైపెంకు, కాస్త ఎండుపండు. చేదు ఇటు, తీపి అటు, పని పంచుకున్నట్టు ఉంటుంది. స్టౌట్ జతల్లో చేదు నల్లదాని నుంచి వస్తే ఇక్కడ లేతదాని నుంచి వస్తుంది. పైగా రెంటిదీ ఒకే నీరు, చాలాసార్లు ఒకే ఈస్ట్, కాబట్టి అతుకు తెలియదు. బుడ్వార్ లేతది 5 శాతం, నల్లది 4.7 శాతం. సగం సగం కలిస్తే 4.85. బలంలో తేడా లేదు, గ్యాస్‌లో తేడా లేదు, తాగేవాడికి రుచి మీద తప్ప దేని మీదా ధ్యాస పెట్టాల్సిన పని లేదు. కోజెల్ నల్లది 3.8 శాతమే కనుక దాంతో చేసింది ఇంకా తేలిక.

ఇందులో ఇంకో సుఖం ఏమిటంటే పాళ్ళు కాస్త అటూఇటూ అయినా చెడదు. స్టౌట్ ఒక్క గుక్కెడు ఎక్కువ పడితే గ్లాసంతా స్టౌటే అవుతుంది. చెక్ నల్లది మూడో వంతు పోసినా, మూడింట రెండు వంతులు పోసినా వచ్చే బీరు తాగేలాగే ఉంటుంది, కాకపోతే ఒకటి చేదు వైపు, ఒకటి తీపి వైపు మొగ్గుతుంది. కొత్తవాళ్ళకు నేను ముందు దీన్నే చెప్పడానికి కారణం అదే. చెక్ బీర్లు దొరక్కపోతే మ్యూనిక్ డుంకెల్ అనే ముదురు రంగు లాగర్‌ను ఏదైనా చేదు పిల్స్‌తో కలపండి. అచ్చంగా అదే రాదు గానీ దారి అదే. జపాన్‌లో కూడా సగం సగం బాగా అలవాటైన పద్ధతే, అక్కడ కూడా ఒకే కంపెనీ నల్లదీ లేతదీ పక్కపక్క కుళాయిల నుంచి పడతాయి.

ఇంగ్లండ్ పబ్‌లలో పాత తరం వాళ్ళు అడిగే కలయికలు ఇంకొన్ని ఉన్నాయి. ముదురు రంగు మైల్డ్‌లో (చేదు తక్కువున్న తేలికపాటి ఏల్) బిట్టర్ (చేదు ఎక్కువున్న ఏల్) కలిపితే మైల్డ్ అండ్ బిట్టర్. డ్రాఫ్ట్ బిట్టర్ సగం పైంట్ పోసి, పక్కన లైట్ ఏల్ సీసా ఇస్తే లైట్ అండ్ బిట్టర్, ఇది రెండూ లేతవే. ఓల్డ్ ఏల్‌లో బిట్టర్ పోస్తే దాని పేరు మదర్ ఇన్ లా, అంటే అత్తగారు. ముసలిదీ చేదుదీ అని మగాళ్ళ జోకు. ఓల్డ్‌కు మైల్డ్ తోడైతే అమ్మమ్మ. సీసా బీరు కలపడంలో ఒక వాడుక ఉపయోగం కూడా ఉండేది: పీపాలో చప్పబడ్డ డ్రాఫ్ట్ బీరుకు సీసాలోని గ్యాస్ మళ్ళీ ప్రాణం పోసేది. మైల్డ్ సాధారణంగా 3 నుంచి 3.8 శాతం మధ్య ఉంటుంది కాబట్టి సాయంత్రమంతా కూర్చుని మాట్లాడుకుంటూ తాగేవాళ్ళకు ఈ కోవ బీర్లు సరిపోతాయి. మంచి మైల్డ్ దొరకడమే కష్టం.

గోధుమ బీరు ఇష్టమైతే లేత రంగు గోధుమ బీరైన వైస్‌బీర్‌లో దాని ముదురు రకమైన డుంకెల్‌వైజెన్ కలపండి. అరటిపండు, లవంగం వాసన రెంటిలోనూ ఉంటుంది, గొడవ రాదు. గ్యాస్ చాలా ఎక్కువ కనుక గ్లాసు పొడుగ్గా ఉండాలి. స్టౌట్‌తో మాత్రం వైస్‌బీర్ కలపకండి. లవంగం, మాడు కలిస్తే ఆసుపత్రి మందుల వాసన.

ఇక బలమైనవి. బాల్టిక్ పోర్టర్ (పోర్టర్ అంటే స్టౌట్‌కు దగ్గరి చుట్టమైన నల్ల బీరు) 6.5 నుంచి 9.5 శాతం, ఇంపీరియల్ స్టౌట్ 8 నుంచి 12 శాతం. వీటిని సగం సగం కలపడం డబ్బు దండగ, పైగా ప్రమాదం కూడా. 10 శాతం స్టౌట్, 5 శాతం లాగర్ చెరిసగమైతే గ్లాసులో ఉన్నది 7.5 శాతం. లాగర్ చల్లదనం, గ్యాస్ ఆ బలాన్ని దాచేస్తాయి, మామూలు బీరులా గటగటా తాగేస్తారు. ఒక వంతు స్టౌట్‌కు మూడు వంతులు లాగర్ అయితే 6.25 శాతం దగ్గర ఆగుతుంది, రుచి కూడా అక్కడే తేటపడుతుంది. ఈ తరహాలో నా ఓటు బాల్టిక్ పోర్టర్‌కు. అది లాగర్ ఈస్ట్‌తో పులిసేది కాబట్టి లేత లాగర్‌తో సులువుగా కలుస్తుంది. ఎండు ద్రాక్ష, బెల్లంపాకం వాసనలు పలచబడి పైకి తేలతాయి. వెనీలా, కొబ్బరి, చాక్లెట్ సిరప్ పోసి చేసే డెజర్ట్ స్టౌట్‌లను మాత్రం ఒంటరిగానే తాగండి. లాగర్ తగలగానే ఆ వాసనలన్నీ విడివిడిగా, చవకగా కనిపిస్తాయి.

రకాలు కలిపితే తల పట్టేస్తుందన్న నమ్మకం ఒకటుంది. తల పట్టించేది లోపలికి వెళ్ళిన మొత్తం ఆల్కహాల్. పై లెక్కలు వేసుకోమనడం అందుకే.

పాళ్ళు

సగం సగం అన్న మాట నోటికి అలవాటైపోయింది గానీ, స్టౌట్ విషయంలో అది నల్లదానికి ఎక్కువ మార్కులు వేసే పద్ధతి. రంగుతో చూస్తే తెలుస్తుంది. రంగును కొలిచే ఎస్ఆర్ఎం లెక్కలో లేత లాగర్ 4 దగ్గర ఉంటుంది, చిక్కటి స్టౌట్ 40 దాకా పోతుంది. సగం సగం కలిస్తే 22, కంటికి అది దాదాపు నలుపే. నాలుగో వంతు స్టౌట్ అయితే 13, రాగి రంగు. పదో వంతే అయితే 8 లోపు, తేనె రంగు దాటిన అంబర్. లెక్క ఖచ్చితంగా ఇలాగే రాకపోవచ్చు గానీ దారి చూపిస్తుంది. రుచి కూడా ఇంచుమించు ఇదే వాటంలో నడుస్తుంది.

ఎవరికి ఏ పాళ్ళు నప్పుతాయో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. రెండు సీసాలు, ఒకటి స్టౌట్, ఇంకోటి లేత లాగర్, ఒక్కోటి 330 మిల్లీలీటర్లది, ఒకే చల్లదనంలో పెట్టుకోండి. నాలుగు చిన్న గ్లాసులు. మందులు కొలిచే చిన్న కప్పు ఏదైనా ఉంటే మంచిది. ఒక్కో గ్లాసులో మొత్తం 100 మిల్లీలీటర్లు వచ్చేలా నల్లది 10, 25, 50, 75 పోసి మిగతాది లేత బీరుతో నింపండి. నల్లది 160, లేతది 240 ఖర్చవుతుంది, రెండు సీసాల్లోనూ ఇంకా మిగులుతుంది. తేలికదానితో మొదలుపెట్టి బరువైన దాని వైపు తాగుతూ వెళ్ళాలి. వెనక్కి వస్తే లేత గ్లాసులన్నీ నీళ్ళలా అనిపిస్తాయి.

మొదటి గ్లాసులో వాసన ఇంకా లాగర్‌దే. మింగాక మాత్రం రొట్టె అంచు రుచి ఒకటి ఉండిపోతుంది. అది లాగర్‌లో ఇదివరకు లేదు. ఇంతేనా అని తీసిపారేయకండి, చప్పటి లాగర్‌ను తాగదగ్గదిగా చేయడానికి ఈ పదో వంతుకు మించిన ఉపాయం లేదు. రెండో గ్లాసు దగ్గర ముక్కుకే తేడా తెలుస్తుంది: కాఫీ పొడి డబ్బా మూత తీసినప్పటి వాసన సన్నగా వస్తుంది, లాగర్ చేదు దాని వెనకాల నిలబడుతుంది. చాలామంది ఇక్కడే ఆగుతారు, నేనూ ఇక్కడే. మూడో గ్లాసులో కన్ను స్టౌట్ అంటుంది, నాలుక రెండు మాటలు చెబుతుంది. బీర్లు బాగా కుదిరినవైతే ఇదే అన్నిటికన్నా నిండుగా ఉంటుంది, కుదరకపోతే ఆ సంగతి బయటపడేదీ ఇక్కడే. నాలుగోది గ్యాస్ కాస్త పెరిగిన స్టౌట్. స్టౌట్ ఇష్టమే గానీ రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది అనేవాళ్ళకు పనికొస్తుంది. డికాషన్ ఎంత, పాలెంత అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకున్నట్టే ఇదీ.

తయారీదారులు కూడా చెరిసగాన్ని గుడ్డిగా పట్టుకోలేదు. పెన్సిల్వేనియాలోని యుంగ్లింగ్ 1986 నుంచి అమ్ముతున్న బ్లాక్ అండ్ టాన్‌లో పోర్టర్ 60 శాతం, లేత లాగర్ 40 శాతం. పోర్టర్ స్టౌట్ అంత మాడుగా ఉండదు కాబట్టి దానికి కొంచెం పెద్ద వాటా ఇచ్చినా చెల్లింది. బెల్జియంలో రోడెన్‌బాక్ బ్రూవరీ వాళ్ళు కలిపేది రంగుల్ని కాదు, వయసుల్ని: చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి పుల్లబడిన పాత బీరును కొత్త బీరుతో కలుపుతారు. మామూలు సీసాలో కొత్తది మూడు వంతులు, పాతది ఒక వంతు. వాళ్ళదే గ్రాండ్ క్రూ అనే ఇంకో రకం సీసాలో పాతదే మూడింట రెండు వంతులు. గట్టి రుచి ఉన్నది ఎప్పుడు చిన్న వాటా అవ్వాలో, ఎప్పుడు పెద్ద వాటా అవ్వాలో ఆ రెండు సీసాలు పక్కపక్కన పెట్టుకుని తాగితే బాగా తెలుస్తుంది.

పొరలా, కలపడమా

పొరలు నిలబడటం సాంద్రత మీద ఆధారపడుతుంది. నీటిని 1.000 అనుకుంటే తయారైన డ్రై స్టౌట్ 1.007 నుంచి 1.011 మధ్య ఉంటుంది. ఈస్ట్ చక్కెరంతా దాదాపు తినేసింది కనుక అంత తేలిక. ఇంగ్లిష్ తరహా గట్టి పేల్ ఏల్ 1.010 నుంచి 1.016, చెక్ లేత లాగర్ 1.013 నుంచి 1.017. నల్లది పైన తేలడానికి ఈ కొంచెం తేడా చాలు. మిల్క్ స్టౌట్ 1.012 నుంచి 1.024, ఇంపీరియల్ స్టౌట్ 1.018 నుంచి 1.030. ఇవి పోసీ పోయగానే కిందికి దిగిపోతాయి. బాగా పూర్తిగా పులిసిన పలచటి లాగర్ మీద డ్రై స్టౌట్ కూడా నిలబడకపోవచ్చు. కాబట్టి పొరలే కావాలంటే ఎంపిక ఇరుకైపోతుంది: పైన డ్రై స్టౌట్, కింద మాల్ట్ ఎక్కువున్న లేత బీరు. చెక్ నల్లదీ లేతదీ దాదాపు ఒకే బరువు. వాటితో పొరలు నిలబెట్టే పబ్‌లు ఉన్నాయి, అదంతా పోసేవాడి చేతి చలవ.

పోసే పద్ధతి ఇది. గ్లాసు పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. లేత బీరును సగం దాకా పోయాలి, చివర్లో కాస్త పై నుంచి పోసి వేలెడు నురగ తెప్పించాలి. ఒక నిమిషం ఆగండి. తర్వాత పెద్ద చెంచాను బోర్లించి, దాని కొన గ్లాసు లోపలి గోడకు ఆనేలా, నురగకు కొంచెం పైన పట్టుకోండి. స్టౌట్ చెంచా వీపు మీద సన్నటి ధారగా పడాలి. మొదట కొన్ని క్షణాలు నురగ గోధుమరంగులోకి మారుతుంది, అడుగున ఒకటి రెండు నల్లటి పోగులు జారి మాయమవుతాయి, కంగారుపడి ఆపేయకండి. నురగ ధార వేగాన్ని చంపేస్తుంది, నలుపు దాని కింద అడ్డంగా పరుచుకోవడం మొదలవుతుంది. గ్లాసు నిండేకొద్దీ చెంచాను పైకి లేపుతూ పోవాలి. ధార లావైతే అంతా కలిసిపోతుంది, ఇక అది తిరిగి విడిపోదు.

స్టౌట్‌లో నైట్రోజన్ ఉన్నది, అంటే డ్రాఫ్ట్ కుళాయిదో, లోపల ప్లాస్టిక్ బంతి ఉండే క్యాన్‌దో అయితే పని సులువు. గిన్నిస్‌లో నైట్రోజన్ డ్రాఫ్ట్ 1959లో వచ్చింది. దాని బుడగలు చిన్నవి, కార్బన్ డయాక్సైడ్ లాగర్‌లో ఉండేదానిలో సగం కూడా ఉండదు, అందుకే నెమ్మదిగా పోస్తే అల్లరి చేయదు. క్యాన్ తెరిచాక పొంగు తగ్గేదాకా కాసేపు ఆగి పోయండి. సగం క్యాన్ పక్కన పెట్టి తర్వాత వాడుకుందాం అంటే కుదరదు, చప్పబడుతుంది. తెరిస్తే రెండు గ్లాసులు ఒకేసారి చేసుకోవాలి. గిన్నిస్ సీసా రకాలు, ముఖ్యంగా 7.5 శాతం ఉండే ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్, పొరలకు పనికిరావు. గ్యాసూ ఎక్కువే, బరువూ ఎక్కువే.

పొరలుగా పోసిన గ్లాసు తాగుతుంటే రుచి ఎలా మారుతుందో కూడా తెలుసుకుని ఎంచుకోవాలి. మొదటి గుటకలు దాదాపు స్టౌటే. గ్లాసు వంచిన ప్రతిసారీ సరిహద్దు కాస్త చెరుగుతుంది, మధ్యలో కొద్దిసేపు మీరు కోరుకున్న కలయిక దొరుకుతుంది, చివర్లో వెచ్చబడ్డ లాగర్ మిగులుతుంది. మారుతూ పోయే ఆ రుచే ఇష్టమనేవాళ్ళు ఉన్నారు. నాకు మొదటి గుటక నుంచి చివరిదాకా ఒకే రుచి కావాలి కాబట్టి కలిపేస్తాను. కలపడానికి వరస తిరగేయాలి: ముందు నల్లది, దాని మీద లేతది, కాస్త ఎత్తు నుంచి. పైనుంచి పడే బరువైన, గ్యాస్ ఎక్కువున్న బీరు తనే కిందికి దూసుకెళ్ళి కలుపుకుంటుంది. చెంచా పెట్టి తిప్పితే గ్యాస్ పోతుంది, ఆ పని చేయకండి.

సీసాలో కలిసి వచ్చేదా, మీరు కలుపుకునేదా

రెడీమేడ్‌గా కలిసి వచ్చే సీసాలకు ఒక మంచి గుణం ఉంది: ఎప్పుడు తెరిచినా అదే రుచి. బ్రూవరీలో కలిపి, గ్యాస్ సరిచేసి, కొంతకాలం ఉంచి నింపుతారు కాబట్టి అతుకు అసలు కనిపించదు. పొరలు ఉండవు, పాళ్ళు మార్చుకునే వీలు ఉండదు. అసలు ఈ రుచి మనకు పడుతుందా లేదా అని చూసుకోవడానికి ఒక సీసా కొనడం తెలివైన పని. పడుతుందని తేలాక మాత్రం విడిగా కొనుక్కుని కలుపుకోవడమే మేలు.

కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చూడండి, లేత బీరు తాజాదనం. పాతబడితే తడి అట్టముక్క వాసన వేస్తుంది; వెలుతురు తగిలిన ఆకుపచ్చ సీసా బీరులో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపు లాంటిది పుడుతుంది. స్టౌట్ దాన్ని కప్పేస్తుందనుకుంటారు, కప్పదు. నల్ల బీరు కాస్త పాతదైనా ఓర్చుకోవచ్చు, లేతది ఓర్చుకోలేం. అందుకే ఖర్చు పెట్టాల్సి వస్తే నేను లేతదాని మీదే పెడతాను.

బార్‌లో అడిగేటప్పుడు ముందు కుళాయిల మీద పేర్లు చూడండి. ఒకే బ్రూవరీది నల్లదీ లేతదీ ఉంటే ఆలోచించకుండా ఆ రెండూ సగం సగం అడగండి, ఎక్కువసార్లు బాగుంటుంది. నల్లది డ్రై స్టౌట్ ఒక్కటే ఉంటే, పక్కన ఇంగ్లిష్ తరహా పేల్ ఏల్ గానీ హెల్లెస్ గానీ ఉందేమో చూసి, నల్లది మూడో వంతు పోయమనండి. కొందరు బార్‌టెండర్లు సగం తప్ప ఒప్పుకోరు, అప్పుడు చిన్న గ్లాసు స్టౌట్, పెద్ద గ్లాసు లాగర్ విడివిడిగా తీసుకుని టేబుల్ దగ్గర కలుపుకోవచ్చు. ఉన్న నల్లది ఇంపీరియల్ ఒక్కటే అయితే ఆ రోజుకు కలిపే ఆలోచన మానేసి, దాన్ని చిన్న గ్లాసులో విడిగా తాగండి. లాగర్ తప్ప ఏదీ తాగని స్నేహితుడు పక్కనుంటే అతని గ్లాసులో పదో వంతు నల్ల లాగర్ పోసి చూడండి, స్టౌట్ జోలికి మొదటి రోజే పోవద్దు. అన్ని లాగర్లూ చప్పగా ఉన్నాయనే మనిషికి మిల్క్ స్టౌట్, పిల్స్ జత చూపించండి. ఫొటో కావాలనే మనిషికి డ్రై స్టౌట్ క్యాన్, పేల్ ఏల్, ఒక పెద్ద చెంచా ఇచ్చి కాస్త దూరంగా కూర్చోండి, మొదటి గ్లాసు టేబుల్ మీద పొంగడం ఖాయం.